పదకొండు గంటల ఎండ

మా తూర్పు పక్క ఖాళీ స్థలంలో
ఆ పొద్దున ముగ్గు పోసింది కొలతల కుర్రాడు.
సున్నం గీతల మధ్య నిలబడి
ఫోన్‌లో ఎవరికో "స్టిల్ట్ ప్లస్ ఫైవ్" అన్నాడు.
నాకు అర్థం కాలేదు.
ఎండకి అర్థమైనట్టుంది.

నాది వడియాల వ్యాపారం.
సగ్గుబియ్యం, బూడిద గుమ్మడి, చల్ల మిరపకాయలు.
గోరంట్ల నుంచి బృందావన్ గార్డెన్స్ దాకా
నా స్టీలు డబ్బాలకి తెలిసిన గుమ్మాలు నలభై.
పెట్టుబడి నా డాబా,
మిగతా పనంతా సూర్యుడిది.

రెండో శ్లాబు పడ్డ వారం
ఏడింటి ఎండ ఎనిమిదింటికొచ్చింది.
మూడోదానికి తొమ్మిది దాటింది.
నాలుగోది పడ్డాక
పిట్టగోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకున్నాను,
నీడ ఎన్నింటికి ఎక్కడిదాకా జరిగిందో.
ఐదో శ్లాబుకి పదకొండు.

శబ్దం సంగతి చెప్పను, అలవాటైంది.
మిల్లరు ఆగితేనే మా ఆయనకి మెలకువ.
దుమ్ము సంగతి చెప్పాలి.
ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో కాటా వేసిన మనిషి,
ముక్కుకి తెలియని ఘాటు లేదు.
"మిరప తుమ్మిస్తుంది, వదిలేస్తుంది.
సిమెంటు తుమ్మించదు, కూర్చుంటుంది" అంటాడు.
కూర్చుంది.
ఆయన మందుబిళ్లల డబ్బా మీద, గడియారం ముల్లు మీద,
ఆఖరికి తడి వడియాల మీద.
బ్యాంకు సువర్చలగారు డబ్బా వెనక్కి పంపింది.
మూతకి చీటీ: పంటికింద ఇసుక.
పన్నెండేళ్లలో ఎవరూ రాయని మాట.

వెళ్లాను, కుచ్చిళ్లు ఎత్తిపట్టి, కంకర మీద.
మేస్త్రీ ప్లాను కాగితం విప్పాడు.
మా ఇల్లు ఉండాల్సిన చోట
"ఇతరుల స్థలం" అని ఉంది.
ఇరవై ఆరేళ్లు కాపురం చేశానన్నమాట,
ఇతరుల స్థలంలో.

స్తంభాలకి తడి గోనెలు చుడుతూ నవ్వింది పైడితల్లి,
వాచ్‌మన్ గౌరునాయుడి భార్య, పార్వతీపురం వైపు మనిషి.
"ఏటమ్మా, ఎండకోసం తగువేటి?
ఎండ ఎక్కడికీ పోనేదు. పైకెక్కీసింది.
మీరూ ఎక్కీండి."

రెయిలింగు లేని మెట్లు.
గోడకి భుజం ఆనించి, నడుమున పిండి గిన్నె.
ఎవరిదో వంటిల్లు దాటాను, ఎవరిదో పడకగది.
తలుపు లేని స్నానాలగదిలో
పైడితల్లి కూతురు సుద్దముక్కతో
ఎనిమిదో ఎక్కం రాసుకుంటోంది.

ఐదో శ్లాబు మీద
ఏడింటి ఎండ.
నాదే, గుర్తుపట్టాను.

పాత చీర పరిచి గరిటెతో వేస్తూ వేస్తూ
కిందికి చూస్తే మా డాబా.
ఇంత చిన్నదా? ఆ పగులు ఎప్పటిది?
మా ఆయన నన్ను వెతుకుతున్నాడు,
కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, వీధివైపు.
పైకి చూడాలని తోచలేదు మనిషికి.
నేనూ పిలవలేదు, కాసేపు.

నల్లపాడు వైపు లెక్కపెట్టాను,
ఆకాశంలోకి పొడుచుకొచ్చిన ఇనప ఊచల గుత్తులు,
పదిహేడు.
వాటి పక్కన ఏ డాబా మీదో
నాలాంటిది బొగ్గు పట్టుకుని నిలబడే ఉంటుంది.

ఈ ఏడు వడియాలు ఐదో అంతస్తువి.
ఇసుక లేదు. సువర్చలగారు రెండు కిలోలు చెప్పింది.
పావు వంతు పైడితల్లికి,
ఎక్కాల పిల్లకి వేయించినవి వేరే.

దసరాకి గృహప్రవేశాలట.
మెట్లకి రెయిలింగు, పైతలుపుకి తాళం.
గౌరునాయుడు వాళ్లు ఇంకో సున్నం గీతల దగ్గరికి.
"ఎక్కడ?" అంటే
పైడితల్లి చెయ్యి చూపింది.
మా ఇంటికి పడమర పక్క.

రాత్రి మంచం మీద లెక్కవేశాను.
అదీ లేచాక మిగిలేది
పదకొండు నుంచి ఒంటిగంట.
రెండు గంటల ఎండకి ఏ వడియం ఆరుతుంది?
పిండి ఇంకా పల్చగా కలపాలి.
చూద్దాం.