ఒడ్డున పడ్డది

మా దిబ్బ మీద చెట్టు కొట్టి చేసిన తలుపు ఒక్కటీ లేదు.
మడచెట్టు వంకర. సరుగుడుకి పురుగు.
తలుపులన్నీ సముద్రం నుంచి వచ్చినవే.

మాది, బొగ్గు ఓడ మొగలో ఇసక మీద కూర్చున్న ఏడు వచ్చింది.
మూడు పోట్లకి విరిగిందట ఓడ,
నాలుగో ఆటుకి జనం తట్టలు పట్టుకు దిగారట.
ఆ ఏడు ఎవరూ పుల్లలేరుకోలేదు.
చీరమేను బొగ్గు మీదే ఉడికింది,
ముసలాళ్లు ఇప్పటికీ ఆ రుచి చెప్పుకుంటారు.
ఓడలో ఎందరు పోయారో మాత్రం
ఒకరు ఏడంటారు, ఒకరు పదకొండంటారు.

కామాడి జోగులు ఇంట్లో అద్దం గుండ్రంగా ఉంటుంది,
చుట్టూ ఇత్తడి, మరమేకులు.
ఓడ కిటికీ అది. యానాం తీసుకెళ్లి వెనక రసం పూయించారు.
ఆ ఇంటి ఆడపిల్లలు బొట్టు పెట్టుకుంటుంటే
నీళ్లలోంచి బయటికి చూస్తున్నట్టుంటారు.
ఓలేటోళ్ల పంచదారమ్మ
పంచదార బస్తాల పడవ తిరగబడ్డ రాత్రి పుట్టింది.
మూడు రోజులు పాయ నీళ్లు తియ్యగా ఉన్నాయని
తానే చెబుతుంది, తాగినట్టు.

మంచినీళ్లు మాకు పడవ మీద రావాలి,
బిందె పది రూపాయలు.
అయినా కొట్టుకొచ్చిన చెక్క మీద గొడ్డలి పడే ముందు
మా అత్త గంటాలమ్మ ఒక చెంబు పోసేది.
"ఉప్పు తాగి తాగి వచ్చింది,
ముందు దాని దాహం తీరనీ."
కాపురానికొచ్చిన కొత్తలో నేను నవ్వాను.
పది రూపాయల నీళ్లు చెక్కకా అని.

కార్తీకం వెళ్లాక వాయుగుండం పట్టింది.
రేవులో రెండో నంబరు ఎగరేశారని
రేడియో చెప్పేసరికి
మావాళ్లు అప్పటికే మొగ దాటారు.
ఆయనా, ఆయన తమ్ముడూ, తమ్ముడి బావమరిదీ.

ఇన్ని ఓడల్ని మా గుమ్మంలోకి తెచ్చిన నీరు
మా పడవని ఎటో పట్టుకుపోయింది.
తెడ్డు రాలేదు. వల బెండు కూడా రాలేదు.
మా అత్త నలభై రోజులు
పోటు పోటుకీ చెంబు పట్టుకుని నిలబడింది.
నలభై ఒకటో రోజు ఆ నీళ్లు
మా తలుపు మీద పోసి లోపలికెళ్లింది.

రెండేళ్ల తర్వాత
ఎండు మెత్తళ్లు అమ్ముకోడానికి అవతలి లంకకి వెళ్లాను.
ఒక ఇంటి అరుగు మీద బల్ల.
నీలం రంగు, అంచుకి ఎరుపు.
దాని మీద కూర్చుని ఓ పిల్లాడు ఎక్కాలు వల్లిస్తున్నాడు.

"ఏడో ఎక్కానికి ఆ బల్లే కావాలంటాడమ్మా,
దాని మీద ఏడని రాసుందని," అంది వాళ్ల నాయనమ్మ.
"ఏడో నంబరు పడవదై ఉంటుంది."

తెల్లక్షరాలు రెండు, ఆ తర్వాత విరిగింది.
డు కొమ్ము దగ్గర రంగు జారింది.
ఆ రోజు డబ్బా పట్టుకున్నది నేనే.
"చెయ్యి వణుకుతుందేమే?" అని ఆయన నవ్వారు.
ఆయన పేరు నేనెప్పుడూ పలకలేదు,
పలకరు మాలో.
అవసరమొస్తే పడవ వైపు చూపించేదాన్ని.

ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్లు పద్నాలుగు.
ఏ ఏడని వాణ్ణి అడగలేదు.
మెత్తళ్లు కొలిచాను, ఒక దోసెడు ఎక్కువే పోశాను.
మంచినీళ్లడిగాను.
సగం తాగి
సగం బల్ల మీద పోశాను.
పిల్లాడు కాళ్లు పైకి తీసుకున్నాడు.
ముసలమ్మ నన్ను చూసింది, చెంబుని చూసింది,
ఏమీ అనకుండా లోపలికెళ్లి
ఇంకో చెంబు తెచ్చింది.

వచ్చేటప్పుడు నావ నడిపాయలో ఉండగా
మిగిలిన మూడక్షరాలూ
పైకే అనేశాను.

"కొండలా?" అన్నాడు నావ తోసేవాడు గెడ ఆపి.
"ఈ లంకల్లో కొండలెక్కడివమ్మా,
అంతా ఇసకే కదా."