టిక్కీ ఎత్తేముందు

పదిహేడో నంబరు మంచం
సూది పెట్టించుకోనంటోంది.

మంచం అంటే మనిషే.
రాత్రి డ్యూటీలో మాకు పేర్లు ఆలస్యంగా వస్తాయి.

గుంటూరు పెద్దాసుపత్రి, మగవాళ్ళ వార్డు.
రెండు ఫ్యాన్లలో ఒకటి తిరుగుతుంది,
ఇంకోటి తిరుగుతున్నట్టు చప్పుడు చేస్తుంది.
యాభై నాలుగు మంది రోగులకి ఇద్దరు సిస్టర్లం,
మొన్ననే టోపీ పెట్టుకున్న ట్రైనీ పిల్ల షారోన్.

పదకొండున్నరకి తొమ్మిదో నంబరు పోయాడు.
పేరు అప్పుడే తెలిసింది,
కాగితం మీద రాయాలి కాబట్టి.
వాళ్ళ బావమరిది నా మొహమ్మీదికొచ్చి
‘ఫోన్లు చూసుకుంటా చంపేశారు’ అన్నాడు.
నేను చూసింది గడియారం,
మందు ఎక్కించిన టైము రాయడానికి.
ఆ మాట చెప్పలేదు.
ఎవరో ఒకరి మీద అరవకపోతే అతను నిలబడలేడు, సరే.
నా చేతులకి మాత్రం ఆ సంగతి తెలీదు,
అప్పట్నించీ వణుకుతున్నాయి.
గోడ మీద మేట్రన్ అంటించిన నోటీసు:
ఒత్తిడి తగ్గించుకొనుటపై శిక్షణ, శుక్రవారం పదకొండు గంటలకు.
నైటు చేసినవాళ్ళూ తప్పక రావాలట.

పదిహేడు దగ్గర షారోన్ గొంతు:
‘ఏం కాదు తాతా, చీమ కుట్టినట్టుంటది.’
చీమ చిన్న అబద్ధం.
ఏం కాదు అనేది పెద్దది.
ముసలాయన చెయ్యి విదిలించాడు.
ట్రే కిందపడి దూది మంచాల కిందికి దొర్లింది.

రోగితో మాట్లాడే పద్ధతి
రెండో ఏడాది పరీక్షలో ఎనిమిది మార్కుల ప్రశ్న.
వినుట. మౌనము వహించుట.
లేని ధైర్యము చెప్పకుండుట.
ఒక్కోదాని కింద స్కేలు పెట్టి గీత కొట్టాను.
ఏడు వేశారు.
పోయిన ఆ ఒక్క మార్కునీ
పందొమ్మిదేళ్ళుగా రాత్రుళ్ళు వెతుకుతున్నాను.

స్టూలు లాక్కున్నాను.
మేము కూర్చుంటే ఎవరో ఒకరు ఫోటో తీస్తారు.
తియ్యనీ.
‘మీ పేరేంటి?’
కేసు షీటులో ఉంది, అయినా అడిగాను.
‘నాగుల్ మీరా.’
ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
సెలైన్ స్టాండు చుట్టూ దోమ.
నాలో లెక్క మొదలైంది:
రెండింటి ఇంజక్షన్లు, ముప్పైలో జ్వరం, తొమ్మిదిలో పరుపు మార్చాలి.
ఆ లెక్కని తీసుకెళ్ళి గోడ పక్కన నిలబెట్టి
మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

‘ముప్పయ్యొక్కేళ్ళు మిర్చియార్డులో మోశా’ అన్నాడు.
‘ఎన్నేల టిక్కీలో. ఇప్పుడు నా చెయ్యి నేనే లేపలేను.
దీనికింకా సూదెందుకు?’

‘లేపలేకపోతున్నారు’ అన్నాను,
ఆయన మాటే ఆయన చేతికిచ్చి.
‘లేపలేకపోతున్నా’
ఈసారి నెమ్మదిగా అన్నాడు.
కాసేపటికి,
‘తెల్లారేదాకా ఉంటానా?’

నాలుక చివర చీమ.
మింగేశాను.
‘నాకు తెలీదు మీరాగారూ.
ఆరింటిదాకా నేనిక్కడే ఉంటాను.’

అప్పుడు చెయ్యి ఇచ్చాడు.
నల్లగా, గరుగ్గా, వేళ్ళ సందుల్లో ఎర్రటి మరకతో.
సూది చివర గాల్లో చిన్న వణుకు.
ఆయన చూశాడు.

‘ఊపిరి బిగబట్టావమ్మా.
టిక్కీ ఎత్తేముందు కొత్తోళ్ళూ అంతే.
నడుం పట్టేస్తది.
ఒదిలెయ్. అంతా ఒదిలి, అప్పుడెత్తు.’
ఎలాగో చేసి చూపించాడు.
దగ్గొచ్చింది.
దగ్గు తగ్గాక మళ్ళీ చూపించాడు.

ఒదిలాను.
తొమ్మిదో మంచం పూర్తిగా పోలేదు,
బావమరిది మాత్రం రెండడుగులు వెనక్కి జరిగాడు.
నరం మొదటిసారికే దొరికింది.

మూడింటికి చేతులు కడుక్కుని
కళ్ళు తుడుచుకుంటే భగ్గుమన్నాయి.
ముప్పయ్యొక్కేళ్ళ కారం, సబ్బుకి లొంగుతుందా!
సింకు మీదికి వంగి నిలబడ్డాను.
కారుతూనే ఉన్నాయి,
కారానికి కావలసిన దానికంటే ఎక్కువగా.
షారోన్ వచ్చింది.
‘ఏమైంది సిస్టర్?’
‘కారం’ అన్నాను.
ఆ పిల్ల ఏం కాదు అనలేదు.
పంపు తిప్పి పక్కనే నిలబడింది.

ఆరు దాటి ఇరవై నిమిషాలు.
నాగుల్ మీరా నిద్రలో ఉన్నాడు.
ఊపిరి లెక్కపెట్టాను, నిమిషానికి ఇరవై రెండు.
చార్టులో రాశాను.
నాదీ లెక్కపెట్టాను.
దానికి చార్టులో గడి లేదు.