తరుగు

గ్రూపు పేరు ‘పది బి – లెక్కలు’.
డీపీలో మా బడి గోడ, దాని మీద సగం చెరిగిన పై విలువ.
గుడ్ మార్నింగులు పెట్టొద్దని మొదటి రోజే రాసిన,
దేవుడి బొమ్మలు కూడా.
అయినా శుక్రవారం వచ్చిందంటే
ఎవరి అమ్మదో వేలు జారి
ఒక లక్ష్మీదేవి ప్రత్యక్షమైతది.
నేను తీసేస్త.

ముప్పై నాలుగు నంబర్లు. ఒక్కటీ పిల్లలది కాదు.
నాయనలవి, అన్నలవి, ఒక మేనమామది.
ఫోను పొలం పోతే లెక్క పొలం పోతది,
ఫోను పరకాల పెండ్లికి పోతే
త్రికోణమితి రెండు రోజులు ఆగుతది.
పోరిక నవనీత ప్రశ్న
రాత్రి తొమ్మిది దాటినంకనే వస్తది:
నోటుబుక్కు ఫొటో, అంచుకు బొటనవేలు,
గోరు సందుల మిరప ఎరుపు.
ఆ ఫొటో మీదనే వేలితో దిద్దుత,
ఎరుపు పక్కన ఎరుపు.

ఫిబ్రవరిలో ఒకనాడు
బడి గంట ఇంకా కొట్టలేదు,
ఆ నంబరు నుంచే ఒక వాయిస్ మెసేజ్.
వెనుక లారీ హారను, హమాలీల కేకలు,
ఎవరో కోరు తగిలి ఆగకుండ దగ్గుతున్నరు.

“సారూ, నవనీత వాళ్ల బాపును, భద్రును.
ఎనుమాముల మార్కెట్ల ఉన్న. పద్నాలుగు బస్తాలు తెచ్చిన.
బస్తాకు కిలోన్నర తరుగంటున్నడు,
గోనె బరువంటడు, మన్నంటడు.
క్వింటాకు పదమూడు వేలు.
నాకెంత పోతున్నట్టు?
మీ పోరగాండ్లకు ఈ లెక్క ఇయ్యిరి జర.”

ఇచ్చిన. ఏ పాఠమో, ఏ అభ్యాసమో రాయకుండ.

నిమిషంలో నిఖిలేశు: ఇరవై ఏడు వేల మూడు వందలు.
బిందువు మింగిండు, ఎప్పటి లెక్కనే.
తర్వాత వరుసగా: రెండు వేల ఏడు వందల ముప్పై,
రెండు వేల ఏడు వందల ముప్పై.
నేను శభాష్ అనబోతుంటే
నూర్జహాన్ రాసింది:
సార్, ఉత్త గోనె ఎంత తూగుతది?
అది లెక్కలో ఇయ్యలే.

ఇరవై రెండేండ్ల నుంచి
‘దత్తాంశం’ అని గీత గీసి, కింద అన్నీ నేనే ఇచ్చిన.
రాస్త, చెరిపేస్త, మళ్ల రాస్త.
‘టైపింగ్’ అని
ముప్పై నాలుగు ఇండ్లల్ల కనబడుతనే ఉన్నది.

సాయంత్రానికి ఫొటోలు మొదలైనయి.
కిరాణా కొట్టు తక్కెడలో గోనె,
రేషన్ షాపు కాంటా మీద గోనె,
పాత ఇనుపసామాను కొక్కానికి వేలాడుతూ ఒక గోనె.
ఐదు వందల ఎనభై. ఆరు వందల పది.
ఒకటి ఎనిమిది వందల నలభై, అది తడిది.
తడిది కలపాలా వద్దా అని
పది దాకా కొట్లాడిన్రు.
సరాసరి పాఠం నేను చెప్పనే లేదు ఆ రాత్రి.

గోనెకు ఆరు వందలు పోను
ఊరికే కోసింది పన్నెండు కిలోల ఆరు వందల గ్రాములు.
పదహారు వందల ముప్పై ఎనిమిది రూపాయలు.

అందరికంటే చివర నవనీత:
“బాపు పొద్దున్నే అడిగిండట సార్.
మీ సారునే వచ్చి కొనుమను అన్నడట సేటు.
పైసలు కోసే ఇచ్చిండు.”
కొంచెం ఆగి ఇంకొకటి:
“1638 కరెక్టేనా సార్? ఫోను మార్కెట్ల ఉండే,
ఇప్పుడే చేసిన.”

రైటు కొట్టడానికి
నాకు చానసేపు పట్టింది.

ఆ వారమే కొత్త నంబర్లు అడగబట్టినయి:
మమ్ముల్ను గూడ కలుపున్రి సారూ, లెక్కలు నేర్సుకుంటం.
ఇది పిల్లల గ్రూపు అన్నరు హెడ్మాస్టరు.
నేను ముగ్గురిని కలిపిన, చెప్పలేదు.

నిన్న పొద్దుగాల ఐదు నలభైకి
భద్రు నంబరు నుంచి ఒక ఫొటో.
మార్కెట్ కాంటా మీద, బస్తాలెక్కకముందే,
మడత పెట్టిన ఉత్త గోనె.
ఎర్ర అంకెలు: 0.605.
కింద ఒక్క ముక్క రాయలేదు.

దాని కిందనే, శుక్రవారం గద,
ఎవరిదో లక్ష్మీదేవి.

తియ్యలేదు.