తలా మూడు వందల నలభై

లేబర్ కాలనీ మూల మీద, షట్టర్ సగం దించిన టీకొట్టు ముందర
బీడీకట్ట కాయితం మీద లెక్క రాస్తున్న:
యాకూబ్ ఆటోకు డీజిల్ ఆరు వందలు,
బియ్యం, మంచినూనె, కారప్పొడి మూడు వందల పది,
కల్లుకు నాలుగు వందల యాభై.
దీనికి మాత్రం ఎవ్వలూ బేరమాడలే.
ఎర్రలకు పైసలు లేవు,
కొంరెల్లి ఇంటెనుక మోరీ పక్కన ఎంత తవ్వితే అంత.

కొంరెల్లి తాత కుందేళ్లకు ఉచ్చులు పెట్టేటోడట.
"ఇప్పుడు పెడితే మనమే పడుతం" అని యాకూబ్ నవ్విండు.
మాది చేపలవేటే. పాకాల మత్తడి కింద.
చెర్వుల చేపలు సొసైటీవి.
మరి మత్తడి దుంకినయి?
దుంకినదానికి రసీదు ఉండదు.

ఏడేండ్ల సంది ఇదే లెక్క.
ఒకసారి యాకూబ్ బిడ్డకు డెంగ్యూ.
ఒకసారి వానే రాలే.
ఒకసారి అన్నీ కుదిరినయి,
ఆదివారం పొద్దున ఎవ్వలూ లేవలే.
పాత కాయితంల డీజిల్ ధర ఆడనే ఆగింది,
కొర్రమట్ట మాత్రం మా మాటలల్ల పెరుగుతనే ఉన్నది:
పోయినేడు మూరెడు, ఈయేడు మోకాలెత్తు.

ఈసారి స్వామిదాసు,
ఏనుమాముల మార్కెట్ల బస్తాలు మోసొచ్చి,
ఏం మాట్లాడకుండ జేబుల చెయ్యి పెట్టిండు.
నాలుగు గాలాలు కొన్నడట, నలభై రూపాయలు.
తీద్దామంటే వస్తలేవు,
అంగీకి పట్టుకున్నయి.

లైటు కింద అందరం వంగి చూస్తున్నం.
ఆ నలభై ఏ గీత కింద రాయాల్నో తెల్వలే.
ఖర్చు మొదలైంది.
ఇగ పోవాలె.