చెక్కుబంది

పత్తికొండ రిజిస్ట్రారు ఆఫీసు ముందు
రేకుల పందిరి కింద నా బల్ల.
ముప్పైయొక్కేళ్లుగా
మనుషుల్ని దిక్కులుగా రాస్తున్నాను.

తూర్పు: దూదేకుల హుసేనమ్మ చేను.
పడమర: వంక.
ఉత్తరం: బండ్ల రస్తా.
దక్షిణం: బోయ కౌలుట్లయ్య చేను.

సెంట్లు అటూ ఇటూ అయినా పర్వాలేదు,
హద్దు మాత్రం తప్పు రాయొద్దు అబ్బీ అనేవాడు
నాకు కలమిచ్చిన పంతులు.
కొలతకీ హద్దుకీ కొట్లాటొస్తే
గెలిచేది హద్దే.
అమ్మినోడు పోతాడు, కొన్నోడు పోతాడు,
సాక్షుల్ని చెదలు తింటుంది.
పక్క చేనోడు మాత్రం
దస్తావేజులో చావకుండా నిలబడి ఉంటాడు.

కౌలుట్లయ్య చచ్చి పంతొమ్మిదేళ్లు.
నా కాగితాల్లో ఇంకా
నలుగురి గట్లు కాస్తున్నాడు.

మొన్న ఆయన కోడలు ఉరుకుందమ్మ వచ్చింది.
టమాటా గంప అడుగున ప్లాస్టిక్ సంచి.
అందులో శిస్తు రసీదులు, ఒక అడంగల్ నకలు,
ఎరువుల షాపు బిల్లు, ఎవరిదో పెండ్లి పత్రిక.
చదువు రాదు కదా,
అచ్చు ఉన్న కాగితం ఏదీ పారెయ్యలేదు.
"పట్టాదారు గడిలో మా మామ పేరు లేదంటన్నా.
చుక్కలుండాయంట."

చుక్కలే.
తెల్లదొరల కాలంలో
రాసుకునే గుమాస్తాకి పొద్దు గూకిందో,
సిరా అయిపోయిందో,
పేరు చెప్పాల్సిన మనిషి
కచేరీ మెట్లెక్కే కులం కాలేదో,
ఆ గడిలో మూడు చుక్కలు పెట్టి
పేజీ తిప్పేశాడు.
మూడెకరాల ఇరవై సెంట్లు,
పూడిపోయిన ఒక బావి,
నాలుగు తరాల నడుములు
ఆ మూడు చుక్కల కిందే ఉన్నాయి.

పేరు లేని నేల సర్కారుదంట.
దున్నుతున్నాం కదా అంటే
దున్నడం సాగు, హక్కు కాదంటారు.
ఎదురు లేకుండా పన్నెండేళ్లు పట్టుకుంటే
పక్కోడి మీద నిలబడొచ్చు,
సర్కారు మీదైతే ముప్పై కావాల.
ముప్పై ఏండ్ల వానకి రసీదు ఎవరిచ్చారు?
ఎద్దు ఎక్కడ వేలిముద్ర వేసింది?

తొలకరి పడితే
తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతుకుతారు జనం.
వంగి వెతికేటప్పుడు
ఎవరి చేనో ఎవరూ అడగరు.
రాయి మెరిసిన రోజు అడుగుతారు.

ఆమెతో చెప్పాను:
నీ చేను నీ కాగితంలో లేదమ్మా,
చుట్టూ ఉన్నోళ్ల కాగితాల్లో ఉంది.
దోసె తీసేసినాక
పెనం మీద గుండ్రం మిగిలినట్టు.
నాలుగు దస్తావేజుల నకళ్లు తీయించాను.
నాలుగింటిలోనూ ఆయన పేరే.
ఒకదాంట్లో 'కవులుట్లయ్య' అని, దీర్ఘం లేకుండా.
ఫైలు కర్నూలు కలెక్టరాఫీసుకి పోయింది.
పోయింది, అంతవరకే తెలుసు.

నిన్న తిప్పారెడ్డి వచ్చాడు,
ఉత్తరం చేనాయన.
సోలార్ కంపెనీకి అమ్ముతున్నాడు.
వెంట వచ్చిన బ్రోకరు
ఫోన్లోంచి తలెత్తకుండా అన్నాడు:
"దక్షిణం గవర్నమెంటు ల్యాండని కొట్టన్నా,
ఆన్‌లైన్‌లో అట్లే ఉండాది."

నేను జడ్జిని కాను.
నా కూలి పదిహేను వందలు.
ఒక్క మాట మారిస్తే
ఉరుకుందమ్మకి ఒక దిక్కు ఊడిపోతుంది.

"రెడ్డీ, ఆడ ఎవురు దున్నుతాండారు?"
అతను తన చెప్పుల వైపు చూసుకున్నాడు.
చాలాసేపు.
మా ఎద్దు కాలిరిగిన ఏడు
వాళ్ల జతే వచ్చి దున్నింది లే, అన్నాడు.
తర్వాత, గొంతు సవరించుకుని,
"వాళ్లే. రాయి."

రాశాను.
దక్షిణం: కీర్తిశేషులు బోయ కౌలుట్లయ్య కోడలు
ఉరుకుందమ్మ సాగులో ఉన్న చేను.

కంప్యూటరు పిల్లోడు విసుక్కున్నాడు:
"అంత పొడుగు గడిలో పట్టదన్నా,
సగం రాసి చుక్కలు పెట్టేదా?"

అక్షరాలు చిన్నవి చెయ్యి నాయనా,
చీమలంత చెయ్యి.
చుక్కలు మాత్రం పెట్టొద్దు.