పింజ

ఆదోని యార్డులో
ముప్పై ఒక్క ఏండ్లు పత్తికి ధర కట్టినోణ్ణి.
చిటికెడు దూది తీసి
రెండు బొటనవేళ్ళ నడుమ లాగితే చాలు,
ఇరవై ఏడా, ఇరవై తొమ్మిదా
మిషను కంటే ముందే చెప్తాంటి.
మద్దిలేటి చూసినాడంటే
సేటు మళ్ళీ చూసేది లేదు.

తెల్లగుంటే మేలు రకం.
ఆకు ముక్కో, గింజ పొట్టో, పచ్చ మరకో ఉంటే
క్వింటాలుకు రెండు నూర్లు కోత.
అదే కన్ను ఎత్తుకోని ఇంటికొచ్చి
పళ్ళెం ముందర కూర్చుంటాంటి.
"సుంకులమ్మా, ఈ బియ్యం మసకగుండాయి,
బాగా పాలిష్ పట్టిన సోనా తెప్పియ్యి."
మా యమ్మ తిన్న సద్ద రొట్టెను చూసి
గొడ్లకు మేలని నవ్వినోణ్ణి కూడా నేనే.

చక్కెర జబ్బొచ్చి పదకొండేండ్లు.
మాత్ర మింగుతాండా కదా అని
పొద్దున వగ్గాని, మధ్యాన్నం తెల్లన్నం,
సందేళ టీ అంగడి కాడ రెండు బన్నులు.

పోయిన మాఘంలో
బోరాల నడుమ నిలబడితే చొక్కా తడిసిపాయె.
నొప్పి లేదు. ఉంటే అరుస్తాంటి.
దవడ బరువెక్కింది, అంతే.
హమాలీ పిల్లోడు పాండు
పత్తి మీదనే పండబెట్టి ఆటో తెచ్చినాడు.

కర్నూలు పెద్దాసుపత్రిలో
మణికట్టు కాడ తీగ దూర్చి
గుండెలో జాలీ గొట్టం పెట్టినారు.
"చక్కెర నరాలను మొద్దు చేస్తాది పెద్దాయనా,
గుండె అరిచింది, నీకే వినపళ్ళేదు"
అనింది డాక్టర్ గౌసియా.
అప్పుడు చెప్పినా నా వేళ్ళ సంగతి.
అంతవరకూ ఇంట్లో కూడా చెప్పలేదు.
రెండేండ్లాయె,
దూది లాగితే లాగినట్టే తెలీదు.
కంటితో, అలవాటుతో నెట్టుకొస్తాండా.

ఆమె మందులన్నీ రాసి
చీటీ అడుగున తెలుగులో ఒక్క మాట పెట్టింది:
పీచు.
నాకు నవ్వొచ్చింది.
"నాకే చెప్తావా తల్లీ పీచు సంగతి!
ఎంత పొడుగుండాల?"

"పొడుగు కాదు, పొట్టు.
గింజకు పుట్టుకతో వచ్చిన చొక్కా.
నువ్వు అది ఇప్పేసి తింటాండావు.
కొన్నిట్లో పీచు కడుపులో జిగురై
చక్కెరను గబుక్కున నెత్తుట్లోకి పోనీదు,
కొంత కొవ్వును పట్టుకోని బయటికి పోతాది.
గొట్టం మళ్ళీ పూడదని హామీ ఇయ్యను.
మాత్రలు మానొద్దు.
ముప్పు తగ్గుతాది, అంతే."

ఆ 'అంతే' నాకు నచ్చింది.
యాపారంలో హామీ ఇచ్చినోడే ముంచేది.

కొర్రలు తెద్దామని పోతే
అద్దాల అంగట్లో, బొమ్మేసిన ప్యాకెట్లో,
బియ్యానికి రెండింతల ధర.
"మీ యమ్మ చేటలో చెరిగిందే కదా ఇది!"
సుంకులమ్మ దాన్ని తీసినచోటే పెట్టేసి
సంతకు పోయి సద్దలు తెచ్చింది,
మటిక్కాయలు, ఉలవలు, పొట్టు పెసలు.
పిండి జల్లెడను అటక మీదికి విసిరేసింది.

మొదటి వారం కడుపుబ్బి
ఆమెనీ డాక్టరునీ కలిపి తిట్టినా.
నీళ్ళు తాగమనిరి. తాగినా.
మూడు నెలలకు నెత్తురు చూస్తే
తొమ్మిది దాటినది ఏడున్నరకు దిగింది.
యార్డులో రేటు దిగితే ఏడుపులు,
మా ఇంట్లో ఆ పొద్దు ఉలవచారు.

ఇయ్యాల మధ్యాన్నం క్యారేజీ ఇప్పితే
రొట్టె నల్లగ, ఒళ్ళంతా పొట్టు మచ్చలు.
నా లెక్కలో ఐతే మూడో రకం.
పక్కన పాండు గిన్నెలో
గింజ తీసిన దూది మాదిరి అన్నం.
ఏమీ అన్లేదు. వానికి ఇరవై రెండేండ్లు.
సగం రొట్టె తుంచి వాని మూత మీద పెట్టినా.

మటిక్కాయ నారొకటి
పండ్ల సందున ఇరుక్కునింది.
పీకి, అలవాటు కొద్దీ
రెండు బొటనవేళ్ళ నడుమ పట్టుకున్నా.
ఏమీ తెలీలేదు.
"చూడ్రా, ఎంతుంది?" అని పాండుకిచ్చినా.
వాడు కండ్లు మూసుకోని మెల్లగ లాగి,
"ముప్పై పైనే మామా" అన్నాడు.

ఒప్పో తప్పో నాకు తెలీదు.
మళ్ళీ చూడ్రా అన్నా.