క భాష

పోర్ట్ అడిలైడ్‌లో జూలై వాన.
సైకిళ్ళ షాపు వెనక గదిలో తొమ్మిదిమందిమి.
తలా ఒక కాగితం, దాని మీద నలభై అక్షరాలు.
ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళం వేలితో వెంబడిస్తాం
పురోహితుడి వెనక మంత్రం చెప్పినట్టు,
అర్థం అడక్కుండా, తప్పు దొర్లకుండా.

ఎవర్నీ నమ్మొద్దనే వాళ్ళం
మొహాలు చూసుకుని
"ఈమె ఈమే" అని సంతకం పెట్టడానికి
తడుస్తూ వచ్చాం.
నవ్వొచ్చింది నాకొక్కదానికే.

ఫెర్గస్‌కి డెబ్బైమూడు. బల్ల గుద్ది మాట్లాడతాడు:
"ఇంకో తాళంచెవి చేయించి ఇమ్మంటోంది సర్కారు.
మంచివాళ్ళ దగ్గరే ఉంచుతుందట.
మంచివాళ్ళు బదిలీ అయిపోతారు,
తాళంచెవి అవదు."

టీ దగ్గర గొంతు తగ్గించాడు.
కుర్రతనంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని.
పైనుంచి చీటీ వస్తే
ఒక వైరుకి ఇంకో వైరు కలిపేవాడు.
రేవు కార్మికుల నాయకుడి ఇల్లది.
సమ్మె గురించి ఒక్క ముక్కా దొరకలేదు.
దొరికింది, రాత్రి పదకొండింటికి
అతని భార్య వాళ్ళ చెల్లెలితో
కడుపు మళ్ళీ నిలవలేదని చెప్పడం.
"మర్నాడు బేకరీ క్యూలో నా ముందే నిలబడింది.
రెండు బన్నులు కొంది.
నేనెవరో ఆమెకి తెలీదు. నాకేమో..."
కప్పు కింద పెట్టేశాడు.

అతని సిద్ధాంతం పుట్టింది పుస్తకంలో కాదు,
ఆ బన్నుల దగ్గర.

రోస్లిన్ అప్పుడు అంది:
"నా మాజీ మొగుడు డబ్బంతా ఇలాంటి తాళం వెనకే దాచాడు.
కోర్టులో జడ్జీ నేనూ
తెరమీది చుక్కల్ని చూస్తూ కూర్చున్నాం.
పిల్లాడి ఫీజు ఇంకా బాకీ."

వాన చప్పుడు కాసేపు.
గొళ్ళేనికి లోపలున్నదెవరో ఏం తెలుసు.

"మరి నువ్వెందుకొచ్చావు?" అడిగాను.
"వాడికి నా అడ్రసు తెలియకూడదు."

నా మొదటి తాళం మా అక్క ఇచ్చింది,
ప్రతి అక్షరం ముందూ ఒక 'క'.
పప్పుగిన్నె మీదుగా, అమ్మ ఎదురుగానే,
లోకంలో ఎవరికీ అర్థం కాదనుకుంటూ
ఎన్ని మాటలో!
అమ్మకి అంతా తెలుసని
చాలా ఏళ్ళకి తెలిసింది.
వినీ విననట్టే చారు పోసేది.

అలాంటి సర్కారు ఎక్కడైనా ఉంటే చెప్పండి,
ఈ నలభై అక్షరాలూ చింపేస్తాను.

షట్టర్ దించుతూ ఫెర్గస్ అడిగాడు,
ఇందాకటి మాట ఎక్కడా అనవుగా అని.
హెల్మెట్ పెట్టుకుంటూ చెప్పాను:

కనే కను కవి కన కలే కదు.